మామయ్య నాకు ఎర్ర బండి ఇవ్వని వేసవి

మార్చి మొదటి సోమవారం. కొత్త టైర్లు ఒక జత వచ్చినవి. రెండూ ఎర్ర బండికే వేయబడినవి. నల్ల బండి పాత టైర్లను గోనెపట్టాతో తుడిచి, "కొత్తవాటిలానే ఉన్నాయిగా" అని మామయ్య అనిరి.

అదే వారం, గురువారం. రెండు బళ్ళకూ కార్బురేటర్లు శుభ్రం చేయబడినవి. ఎర్ర బండిది మామయ్య స్వహస్తాలతో చేసిరి. నల్ల బండిది నేనే చేసుకొంటిని.

మార్చి రెండో ఆదివారం. అత్తయ్య పెసరట్లు వేసినది. బందరుకు ఉప్మా పెట్టి మూడు. నాకు ఉప్మా లేకుండా రెండు. ఉప్మా అయిపోయినదని చెప్పబడినది. గిన్నెలో ఉన్నట్టు నేను కళ్ళారా చూచితిని.

మార్చి మూడో శుక్రవారం. నది ఇసుకలో బళ్ళ సాధన. బందరు పడిపోగా మామయ్య పరుగెత్తుకు వెళ్ళి "దెబ్బ తగిలిందా నాయనా" అని అడిగిరి. నేను పడిపోగా "బండికేమన్నా అయిందా" అని అడిగిరి.

ఏప్రిల్ మొదటి బుధవారం. హెల్మెట్ ఒక్కటే కొనబడినది. అది నా తలకు సరిపోదని, పెట్టి చూడకుండానే నిర్ణయించబడినది.

పై అంశాలను నా పాత నోటు పుస్తకం నుంచి ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. (వీటిలో బందరు అంటే ఊరు కాదు, మనిషి.) మొత్తం ఇరవై మూడు ఉన్నాయి. పాఠకుల ఓపికను గౌరవించి ఐదింటితో ఆపాను. (మిగిలినవి చూడదలచిన వారు మా ఇంటికి వస్తే చూపిస్తాను. కాఫీ కూడా ఇస్తాం.)

ఆ రోజుల్లో మనిషికి ఎన్ని కోరికలుంటాయో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం ఒక్కటే ఉండేది. పటమటలో మా మామయ్య మోటారు సైకిళ్ళ షెడ్డు ముందు నిలబడితే, బెంజ్ సర్కిల్ వైపు నుంచి వచ్చే బండి కంటికి కనిపించకముందే దాని చప్పుడు వినిపించేది. అది ఎవరి బండి, దానికేం జబ్బు, మామయ్య దానికేం చేయబోతున్నారు అన్నవి ఆ చప్పుడును బట్టే చెప్పగలిగేవాడిని. ఇప్పుడు అదే బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్ర దీపం పడితే నా ముందు ఆగిన బళ్ళను లెక్కపెట్టడం పూర్తయ్యేలోగా పచ్చ దీపం పడుతుంది, వెనకవాడు హారను కొడతాడు. మా నాన్నగారు బడిపంతులు. నేను డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తున్న కాలంలో, ఇంట్లో ఊరికే కూర్చుంటే పాడైపోతానని మా అమ్మ నన్ను తన అన్నగారికి అప్పగించింది. షెడ్డులో నా పని జాబ్ కార్డులు రాయడం: బండి నంబరు, యజమాని చెప్పిన రోగం, మామయ్య చెప్పిన రోగం, చేయవలసిన పని, యజమాని సంతకం. వారం తిరక్కుండానే నాకు "రిజిస్టరు" అని పేరు స్థిరపడింది. ఆ పేరు మామయ్యే పెట్టారు. నా కోరిక మాత్రం రాయడం కాదు, తోలడం.

ఎండాకాలంలో బ్యారేజీ దిగువన కృష్ణ ఎండి, ఒక పక్కగా సన్నని పాయ మాత్రం పారుతూ, మిగతాదంతా కనుచూపుమేర ఇసుక అయ్యేది. ఆ ఇసుక మీద ఊళ్ళోని కొందరు మోటారు ఔత్సాహికులు ఏటా ఒక పందెం పెట్టేవారు. వంతెన వైపు ఒక జెండా, యనమలకుదురు వైపు ఒక వెదురు బొంగుకు మరో జెండా, ఆ రెంటి చుట్టూ ఆరు చుట్లు. మామయ్యకు పందెం కోసం తయారుచేసిన బళ్ళు రెండుండేవి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఆ ఏడాది ఆయన ఒక ప్రకటన చేశారు. మద్రాసులో జరిగే పెద్ద పోటీకి షెడ్డు తరఫున ఒక మనిషిని, ఒకే ఒక మనిషిని పంపుతారట. "ఏట్లో ఎవడు ముందొస్తే వాడే మద్రాసు. మేనల్లుడని చూడను, పరాయివాడని చూడను" అన్నారు. ఆ మాటను అక్కడికక్కడే ఒక జాబ్ కార్డు మీద రాసి ముందుపెట్టాను. "యజమాని సంతకం" అన్నచోట ఆయన నవ్వుతూ సంతకం చేశారు.

ఆ పరాయివాడే బందరు. అసలు పేరు వేరే ఉంది, దాన్ని మేమెవరమూ వాడలేదు. బందరు దాటి సముద్రం దాకా వెళితే వచ్చే ఒక చిన్న ఊరు అతనిది. చేపలు పట్టే కుటుంబం. వాళ్ళ నాన్న పడవ ఒడ్డుకు చేరగానే, చేపల బుట్టలు ఒక పాత మోటారు సైకిలుకు కట్టుకుని, రోడ్డు చుట్టుదారి కాబట్టి అలలు తడిపిన ఇసుక మీదుగానే బజారుకు తోలుకెళ్ళేవాడు. ఆ ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోయిన సైలెన్సరును మార్పించుకోవడానికి మా షెడ్డుకు వచ్చాడు. బండి బాగయ్యాక సందులో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. సందు వెడల్పు రెండు బళ్ళ పొడవు కూడా ఉండదు. కాలు నేల మీద ఆనించకుండా, చప్పుడు పెంచకుండా, బండిని ఇంట్లో కుర్చీ తిప్పినట్టు తిప్పాడు. మామయ్య చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టి, "ఏ ఊరు నాయనా మీది" అని అడిగారు. నాకు తెలిసినంతవరకు మా మామయ్య పనిగంటల్లో స్పానరు కింద పెట్టడం అదే మొదటిసారి. (ఇది కూడా రాసుకున్నాను. అన్యాయాల కింద కాదు, విడిగా.)

అతను ఇసుక మీద తోలడం మొదటిసారి చూసిన రోజు నాకు బాగా జ్ఞాపకం. నేను నల్ల బండి మీద రెండు చుట్లు తిరిగి, మూడు చోట్ల కాళ్ళు కిందపెట్టి, చెమటతో వచ్చి నిలబడ్డాను. అతను బయలుదేరాడు. మలుపు దగ్గర మేమందరం బండిని ఆపి, తిప్పి, మళ్ళీ లాగించేవాళ్ళం. అతను ఆపలేదు. వెనక చక్రం ఇసుకను విసనకర్రలా విసురుతూ పక్కకు జారుతుంటే, ముందు చక్రం మాత్రం తనకా జారుడుతో సంబంధం లేనట్టు వెళ్ళవలసిన వైపుకే చూస్తూ ఉంది. ఎండలో ఆ ఇసుక ఒక్క క్షణం గాలిలో నిలబడి మెరిసింది. నోరు తెరుచుకుని చూశాను. తరువాత నోట్లో పడ్డ ఇసుకను ఉమ్మేసి, ఆ చుట్టుకు పట్టిన సమయాన్ని రాసి, కింద "అనుమానాస్పదం" అని రాశాను.

ఏప్రిల్ రెండో వారానికి అంశాలు ఇరవై మూడయ్యాయి. నేను వాటిని తెల్లకాగితం మీద సాఫుగా తిరగరాసి, ఏడు రోజులలో లిఖితపూర్వకమైన సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతూ మామయ్య చేతికి ఇచ్చాను. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు.

"ఏంట్రా ఇది, ఎవరిదన్నా పెళ్ళి శుభలేఖా?"

"ఫిర్యాదండి."

"ఎవరి మీద?"

"మీ మీదే."

"సరే చదువు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా."

బందరు ఒక మూల కూర్చుని కిరసనాయిలులో చైను కడుగుతున్నాడు. అతని ముందు చదవడం నాకు ఇబ్బందిగానే ఉంది, కాని సమర్పించిన ఫిర్యాదును వెనక్కి తీసుకోవడం నా స్వభావంలో లేదు. టైర్లు, కార్బురేటరు, హెల్మెట్ వరుసగా చదివాను. పెసరట్ల అంశం రాగానే మూల నుంచి బందరు అన్నాడు: "ఆ ఉప్మా మీకుంచమని చెప్పానండి. అమ్మగారే వినలేదు."

"నువ్వు మధ్యలో మాట్లాడకు నాయనా, చదవనీ" అన్నారు మామయ్య. (ఈ "నాయనా" ఇరవై నాలుగో అంశం కావలసింది.)

అన్నీ ముగించి చివరి మాటలను రెండుసార్లు చదివాను. "నాకు మద్రాసు వెళ్ళవలెనని ఉన్నది. ఈ జన్మకు ఇది తప్ప వేరే అవకాశము రాదు. కావున సమానముగా చూడ ప్రార్థన." రాసేటప్పుడు గంభీరంగా అనిపించిన ఆ మాటలు, పైకి చదివేసరికి బతిమాలుకున్నట్టు వినిపించాయి. బందరు చైను కడగడం ఆపి నావైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

"ఇరవై మూడూ నిజమేరా" అన్నారు మామయ్య తాపీగా.

వాదనకు సిద్ధపడి వచ్చినవాడికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. "నిజమేనని రాసివ్వండి" అన్నాను.

"రాసిస్తే ఏం చేసుకుంటావు?"

"ఫైల్లో పెట్టుకుంటాను."

"అంతకన్నా మంచిది చెప్తా విను. రేపు పొద్దున్న బళ్ళు మార్చుకోండి. ఎర్రది నువ్వు తోలు, నల్లది వాడు తోలతాడు. టైము నువ్వే చూడు, నువ్వే రాయి. మధ్యలో నేనెవణ్ణి?"

మరునాడు ఉదయం మా నాన్నగారి చేతిగడియారం అడిగి తెచ్చుకుని ఏటికి వెళ్ళాను. ఎర్ర బండి ఎక్కగానే, ఇన్నాళ్ళూ నాకు జరిగిన అన్యాయం ఎంత పెద్దదో తెలిసింది. చేయి ఇలా తిప్పేసరికి అది అలా దూకుతోంది. నేను ప్రాణం పెట్టి ఒక చుట్టు తోలాను. మామయ్య గడియారం చూసి చెప్పిన సమయం రాసుకున్నాను. నల్ల బండి మీద నేను తిరిగే చుట్టుకన్నా రెండంటే రెండు సెకన్లు మెరుగు. తరువాత బందరు నల్ల బండి మీద, ఆ అరిగిన టైర్ల మీద, నేను కడిగిన కార్బురేటరుతో బయలుదేరాడు. గడియారం నా చేతిలోనే ఉంది. అతను తిరిగి వచ్చి గీత దాటినప్పుడు ముల్లు ఆగిందేమోనని దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అది శుభ్రంగా నడుస్తోంది. ఎర్ర బండి మీద నేను తిరిగిన చుట్టుకన్నా పదకొండు సెకన్లు తక్కువ.

"రాసుకున్నావా?" అన్నారు మామయ్య.

"రాసుకున్నాను."

"సంతకం పెట్టు."

పెట్టాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. నా సంతకం అంత చిన్నగా మరెక్కడా ఉండదు.

బళ్ళు నెట్టుకుంటూ కరకట్ట ఎక్కుతున్నప్పుడు నేను అభిమానం చంపుకుని బందరును అడిగాను: "నీకు ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ దిగబడుతుందో ముందే ఎలా తెలుస్తోంది?"

"ఇసకే చెప్పుద్దండి. మెరిసేచోట పోకూడదు. మెరుస్తుందంటే నీళ్ళు పైకొచ్చేసినట్టు. మరీ తెల్లగా ఉన్నచోటా పోకూడదు, అది పిండిలాగుంటది. ఆ రెండింటికీ మధ్యన మబ్బు పట్టినట్టు ఒక చార ఉంటదండి. దాని మీద పోతే సిమెంటు రోడ్డే."

"ఆ చార ఎన్ని అడుగుల వెడల్పు?"

అతను ఆలోచించి, రెండు చేతులూ చాపి, "ఒకోసారి ఇంత" అన్నాడు. కొంచెం దగ్గరకు తెచ్చి, "ఒకోసారి ఇంత" అన్నాడు.

నాకు ఇలాంటి జవాబులు పనికిరావు. ఆ సాయంత్రం ఒక్కడినే వెళ్ళి, ఆ మబ్బు చారను అడుగులతో కొలిచి, జెండా నుంచి ఎన్ని అడుగులు కుడికి, ఎన్ని ఎడమకు అన్నది గళ్ళ కాగితం మీద గీసుకున్నాను. మూడు రోజులు ఆ పటాన్ని కంఠస్థం చేశాను. ఆ ప్రాంతంలో ఎవరూ మోటారు పందేనికి ఇంత శాస్త్రీయంగా సిద్ధపడి ఉండరని ఈనాటికీ నా నమ్మకం. నేను లెక్కలోకి తీసుకోని విషయం ఒక్కటే. పందేనికి ముందురోజు బ్యారేజీ నుంచి కాసిని నీళ్ళు వదిలారు. పాయ కొంచెం ఒళ్ళు విరుచుకుంది. మబ్బు చార తన చోటు మార్చుకుంది. నా పటం మాత్రం మార్చుకోలేదు.

పందెం రోజు ఉదయం మామయ్య మా ఇద్దరినీ పక్కకు పిలిచారు. ఎర్ర బండి యథాప్రకారం బందరుకే వచ్చింది. "గుంటూరు నుంచి ఆకుపచ్చ చొక్కా అబ్బాయి వచ్చాడు చూశారా. బండి బావుంది వాడిది. ఒరే రిజిస్టరూ, నువ్వు ఎర్ర బండి వెనకే ఉండి వాణ్ణి ముందుకు పోనీకుండా అడ్డం పడు. బందరు వాడి పని వాడు చూసుకుంటాడు."

నేను జేబులోంచి రెండు జాబ్ కార్డులు తీశాను. ఒకటి, ఎవరు ముందొస్తే వారే మద్రాసు అన్న పాత కార్డు. రెండోది ఖాళీ కార్డు. "ఇప్పుడు చెప్పింది దీనిమీద రాసివ్వండి" అన్నాను. ఆయన నా కలమే తీసుకుని, "చేయవలసిన పని" అన్నచోట "ఎర్ర బండి వెనక ఉండుట" అని రాసి సంతకం చేశారు. నేను రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి చూపించాను.

"ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు మామయ్యా."

"రెండూ నా సంతకాలే. ముందు మనం గెలుద్దాం, తరువాత తీరిగ్గా నువ్వు నన్ను ఓడించు."

బందరు హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ నేల చూస్తున్నాడు. ఆ రెండు కార్డుల మీద ఏముందో అతనికి తెలుసు. నాకు ఏం కావాలో కూడా తెలుసు.

మొదటి చుట్టులో నేను పటం ప్రకారం నడిచాను. వెదురు జెండా మలుపులో పన్నెండు అడుగులు ఎడమకు జరగాలి. జరిగాను. బండి ముందు చక్రం, ఎవరో కిందినుంచి పట్టుకున్నట్టు ఆగింది. ఇరుసు దాకా దిగబడింది. నేను దిగి లాగుతుంటే గట్టు మీదినుంచి ఒక పెద్దమనిషి, "ఏవండోయ్, నాట్లేస్తున్నారా? నారు పంపించమంటారా?" అని అరిచాడు. వందలమంది నవ్వారు. నలుగురు నన్ను దాటిపోయారు. బండిని పైకి లాగి మళ్ళీ ఎక్కేసరికి మోకాళ్ళ దాకా నల్లబురద, కళ్ళలో నీళ్ళు (ఇసుక పడినందువల్ల).

ఆ క్షణంలో నా ముందు ఇసుక మీద చక్రాల గుర్తులు చాలా ఉన్నాయి. ఎక్కువవి వెడల్పుగా, వంకరగా, మధ్యమధ్యలో బూటు ముద్రలతో ఉన్నాయి. ఒక్క గుర్తు మాత్రం సన్నగా, ఎక్కడా తెగకుండా, ఎవరో తీరుబడిగా కూర్చుని గీసిన గీతలా సాగిపోయింది. కొత్త టైరు అచ్చు కనుక అది ఎర్ర బండిదేనని తెలిసిపోయింది. పటాన్ని మరిచిపోయి ఆ గీత మీద చక్రం పెట్టాను. అంతే, నల్ల బండికి కాళ్ళు వచ్చాయి. అరిగిన టైర్లు, నేను కడిగిన కార్బురేటరు, అన్నీ క్షమించదగ్గవిగా మారిపోయాయి. రెండో చుట్టులో ఇద్దరిని దాటాను, మూడో చుట్టులో ఇంకొకరిని.

నాలుగో చుట్టులో నాకొక సంగతి అర్థమైంది. ఆ గీత ప్రతి చుట్టుకూ బెత్తెడు గట్టు వైపుకు జరుగుతోంది. ఇంతమంది చక్రాల అదురుకు కింది నీళ్ళు పైకి ఊరుతున్నాయి. నేను చూసేటప్పటికి పాత గీత ఉన్నచోట ఇసుక మెరవడం మొదలయ్యేది. అంటే, ఇసుక మెరవకముందే, ఇంకా మబ్బుగా ఉండగానే, ఇది తరువాతి చుట్టుకు మెరుస్తుందని కనిపెట్టి అతను తప్పుకుంటున్నాడు. ఏ పుస్తకంలో రాసుకుంటే వస్తుంది ఈ విద్య? ఆకుపచ్చ చొక్కా అబ్బాయికి ఈ సంగతి తెలియలేదు. ఐదో చుట్టులో అతను పాత దారినే వచ్చి, నాకు బాగా పరిచయమున్న ఆ గోతిలోనే దిగబడ్డాడు. గట్టు మీది పెద్దమనిషి మళ్ళీ నారు సంగతి అడిగాడు.

ఆరో చుట్టులో మా ముందు ఎవరూ లేరు. ఎర్ర బండి, దాని వెనక రెండు లారీల దూరంలో నల్ల బండి. మామయ్య ఆజ్ఞ అక్షరాలా అమలవుతోంది. నాకు కోపం రావలసింది. మద్రాసు నా కళ్ళ ముందే వెళ్ళిపోతోంది. కాని నిజం రాయాలి గనుక రాస్తున్నాను, ఆ క్షణాన నాకు కోపం రాలేదు. ఆఖరి మలుపులో అతను బండిని పడుకోబెట్టి, ఇసుకను విసనకర్రలా విప్పి, ఆ ఇసుక కింద పడేలోపు తిన్నగా లేచాడు. అంత అందమైన పని ఒక మనిషి చేయగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాత కూడా చూడలేదు. నాకంత దగ్గరగా చూసే చోటు దొరికింది కదా అనిపించింది.

ముగింపు గీతకు వంద గజాలు ఉన్నాయనగా బందరు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. తరువాత ఎర్ర బండి చప్పుడు తగ్గింది. చప్పుళ్ళు వినే పనిలో ఏడాదిన్నర ఉన్నవాడిని. అది దగ్గి, తడబడి, ఆగిపోతున్న ఇంజను చప్పుడు కాదు. నున్నగా, మెల్లగా, మనం గేటు ముందు ఆగేటప్పుడు తగ్గినట్టు తగ్గింది. నల్ల బండి తన మానాన తాను వెళుతూ చక్రం తేడాతో గీత దాటింది. మైకులో నా పేరు చదివారు.

జనం నన్ను ఎత్తుకున్నారు. దించాక చూస్తే బందరు బండి పక్కన నిలబడి హెల్మెట్ తీస్తున్నాడు. "ఏమైంది?" అన్నాను.

"ప్లగ్గు పట్టేసిందండి" అన్నాడు.

మామయ్య అతని వైపు చూశారు. అతను మామయ్య వైపు చూశాడు. ఆ చూపును జాబ్ కార్డులో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

మర్నాడు ఉదయం ఎర్ర బండికి కార్డు రాసి, రోగం అన్నచోట "ప్లగ్గు" అని వేసి, నేనే ప్లగ్గు విప్పాను. పట్టేసిన ప్లగ్గు నల్లగా, జిడ్డుగా, తడిగా ఉండాలి. ఇది పొడిగా, ఇటుక రంగులో, బొమ్మలో చూపించడానికి పెట్టినట్టుంది.

"మామయ్యా, ప్లగ్గు బాగుంది."

"బాగుంటే మళ్ళీ పెట్టెయ్."

"మరి బండి ఎందుకు తగ్గింది?"

"తోలినవాణ్ణి అడుగు."

అడిగాను. "వేడికి పట్టేసుద్దండి ఒకోసారి. చల్లారాక దానంతటదే బాగైపోద్ది" అన్నాడు బందరు. ఆనాటి నుంచి ఇప్పటివరకు నేను కలిసిన ప్రతి మెకానిక్కునూ ఈ ప్రశ్న అడిగాను. సగంమంది అలా జరగవచ్చన్నారు. సగంమంది నవ్వారు.

మద్రాసు వెళ్ళాను. ఎర్ర బండి మీదే వెళ్ళాను. హెల్మెట్ నిజంగానే నా తలకు సరిపోలేదు. చివరినుంచి రెండోవాడిగా వచ్చాను. చివరివాడికి చైను తెగింది. అక్కడ తారు మీద ఎవరూ నాకు గీత గీసి పెట్టలేదు. తిరిగి వచ్చాక ఉద్యోగపు ఉత్తర్వు ఎదురుచూస్తోంది. ముప్పై నాలుగేళ్ళు ఒక కార్యాలయంలో ఫైళ్ళు రాసి విరమించాను. ఏట్లో గెలిచినందుకు ఇచ్చిన కప్పు మా హాల్లో ఉంది. వచ్చినవాళ్ళు చూసి, "మీరు మోటారు సైకిల్ పందేలు గెలిచారా" అని ఆశ్చర్యపోతారు. ప్రతిసారీ నోరు తెరిచి, అవుననలేక, కాదనలేక, కాఫీ తెమ్మని లోపలికి కేకేస్తాను. మామయ్య మరి లేరు. ఇరవై మూడు అంశాలకు ఆయన ఇవ్వవలసిన సమాధానం ఇవ్వకుండానే వెళ్ళిపోయారు. ఈమధ్య ఒక అనుమానం మొదలైంది. ఆ ఆఖరి వంద గజాలూ ఆయన ఆజ్ఞేమో. అదే నిజమైతే పక్షపాతం నా పక్షానే జరిగింది. నా నోటు పుస్తకంలో దానికి ఒక్క పేజీ కూడా కేటాయించలేదు.

బందరు ఆ వేసవి తరువాత తండ్రి పడవకు మనిషి లేక ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో అతనికి చేపల లారీల ఆఫీసు ఉంది. గత నెల వెళ్ళాను. తల నెరిసింది, ఒళ్ళు చేసింది, నన్ను చూడగానే లేచి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను సంచిలోంచి నోటు పుస్తకం తీశాను.

"ఇంకా రాస్తానే ఉన్నారాండీ?"

"ఆ రోజు యాక్సిలేటరు నువ్వే తగ్గించావా?"

"ఎంత కాలమైందండీ అది. బెల్లం కాఫీ తాగుతారా, ఇక్కడ బాగుంటది."

"మామయ్య తగ్గించమన్నారా?"

అతను రోడ్డు వైపు చూశాడు. ఒక లారీ ఆగి, హారను కొట్టి, కదిలింది. "మీరు బాగా తోలారండి ఆ రోజు" అన్నాడు.

ఇంతలో అతని ఫోను మోగింది. కైకలూరు దగ్గర ఎక్కడో ఐసు లారీ ఆగిపోయిందట. ప్లగ్గు పట్టేసిందని మాత్రం వాళ్ళు చెప్పలేదు. నేను కాఫీ తాగి వచ్చేశాను. బస్సులో కూర్చుని, డెబ్బై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి ఒక జవాబు కోసం ఇంత దూరం రావడం ఏమిటని నాలో నేను నవ్వుకున్నాను. కాని నవ్వుకున్నంత మాత్రాన విషయం ముగిసినట్టు కాదు. నోటిమాటగా అడిగితే అతను కాఫీ ఇస్తాడు. అందుకని ఈ కింది విధంగా రాస్తున్నాను. (ఇన్నేళ్ళూ నువ్వు అన్నాను. ఇది లేఖ కనుక మీరు అంటున్నాను.)

అయ్యా, ఏట్లో జరిగిన పందెం ఆరో చుట్టులో, గీతకు సుమారు వంద గజాల దూరంలో ఎర్ర బండి వేగం తగ్గిన విషయమై ఈ దిగువ ప్రశ్నలకు సమాధానం కోరడమైనది. ఒకటి: తగ్గింది ఇంజనా, మీ చేయా? రెండు: చేయి అయితే, అది మా మామయ్య ఆజ్ఞా, మీ ఇష్టమా? మూడు: మీ ఇష్టమే అయితే, నాకంటే ఎంతో బాగా తోలే మీరు, మద్రాసు వెళ్ళాలని బహుశా మీకూ ఉండగా, అలా ఎందుకు చేశారు? మీ జవాబు ఏదైనప్పటికీ నేను ఆ కప్పు మీద మొదటి పేరుగా మీ పేరు చెక్కించదలచాను. అందుకు ఆధారంగా ఒక కాగితం అవసరం. కావున ఈ లేఖ అందిన పదిహేను రోజులలోగా తమ సమాధానాన్ని స్వహస్తాలతో రాసి, సంతకం చేసి పంపవలసిందిగా కోరుతున్నాను. ఫోనులో చెప్పిన జవాబు చెల్లదు.